రిజిస్టరులో ఎవరి పేరు? పానగల్ రాజా, వైద్యుల పట్టిక

పెళ్లి చీరల కోసం మద్రాసు వెళ్లివచ్చిన మన బళ్ళారి ఇళ్లలో పానగల్ పార్కు చూడనివాళ్లు తక్కువ. టి.నగర్‌లో బట్టల దుకాణాల నడుమ ఉన్న ఆ పార్కు గట్టు మీద కూర్చుని సంచులు లెక్కపెట్టుకున్నవాళ్లే అందరూ. ఆ పానగల్ ఎవరని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కకు వస్తారు. ఆయన తెలుగువాడు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి మంత్రి, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి. అప్పట్లో బళ్ళారి మద్రాసు కిందే ఉండేది కాబట్టి మన తాతలకూ ముత్తాతలకూ ఆయనే మంత్రి. కంటోన్మెంట్ దండు మాత్రం ఆయన చేతిలో లేదు. కానీ కోట చుట్టూ ఉన్న పేటల ఆసుపత్రులు, టీకాలు, మంత్రసానులు, మందుల కొట్లు అన్నీ ఆయన చూసిన శాఖ కిందికే వచ్చేవి.

ఆయన గురించి రాసేవాళ్లు సాధారణంగా జస్టిస్ పార్టీ గురించి, దేవాదాయ చట్టం గురించి, ఉద్యోగాల్లో కులాలవారీ వాటాల గురించి రాస్తారు. మేము ఇక్కడ వేరే సంగతి చెప్పదలచుకున్నాం. జబ్బు పడ్డ మనిషి ఎవరి చేతిలో నాడి పెట్టాలి, ఎవరు వైద్యుడు, ఎవరు కాదు, అది తేల్చే హక్కు ఎవరిది అనే తగువు ఆయన కాలంలోనే మన వైపు మొదటిసారి సర్కారు కాగితాల మీదికి గట్టిగా ఎక్కింది. ఆ తగువు ఇప్పటికీ మన వీధుల్లో నడుస్తూనే ఉంది.

ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు. 1866 జూలై 9న శ్రీకాళహస్తిలో వెలమ జమీందారీ కుటుంబంలో పుట్టారు. మద్రాసు తిరువల్లిక్కేణి ఉన్నత పాఠశాలలో చదివి 1886లో బయటికొచ్చారు. ప్రెసిడెన్సీ కాలేజీలో సంస్కృతం ముఖ్య పాఠ్యంగా బి.ఎ. చేశారు, తరవాత ఎం.ఎ., 1899లో బి.ఎల్. పూర్తి చేశారు. జమీందారు బిడ్డలు చదువును అలంకారంగా పెట్టుకునే రోజుల్లో ఈయన పుస్తకాన్ని వదలని మనిషి. సంస్కృత శాస్త్ర గ్రంథాలను మూలంలోనే చదవగల ఈ శక్తి తరవాత వైద్యం విషయంలో ఆయనకు బాగా అక్కరకు వచ్చింది. ఆర్కాటు జిల్లా బోర్డులో పనిచేశారు. 1912 నుంచి 1915 దాకా దక్షిణాది జమీందారుల తరఫున ఢిల్లీ కేంద్ర శాసన మండలిలో సభ్యుడిగా ఉన్నారు.

ఆయన ఢిల్లీలో ఉన్నప్పుడే మద్రాసులో ఒక చట్టం వచ్చింది. 1914 నాటి మద్రాసు వైద్యుల నమోదు చట్టం అది. అంతకు రెండేళ్ల ముందు బొంబాయిలో ఇలాంటిదే వచ్చింది. దాని పద్ధతి తెలిస్తేగానీ తరవాతి కథ అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

అప్పటిదాకా ఈ దేశంలో బోర్డు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంగ్లీషు వైద్యం చదివినవాడూ డాక్టరే, ఆసుపత్రిలో మందులు కలిపి కలిపి నేర్చుకున్న కాంపౌండరూ డాక్టరే, తపాలాలో డబ్బు పంపి డిగ్రీ కాగితం తెప్పించుకున్నవాడూ డాక్టరే. చట్టం ఏం చేసిందంటే, ఒక మెడికల్ కౌన్సిల్‌ను పెట్టి, గుర్తింపు ఉన్న చదువు చదివినవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కించమంది. ఆ రిజిస్టరులో ఉన్నవాడు ఇచ్చిన సర్టిఫికెట్టుకే చట్టంలో విలువ. సర్కారు ఆసుపత్రి ఉద్యోగాలూ వాళ్లకే. వృత్తికి మచ్చ తెచ్చే పని చేస్తే పేరు కొట్టివేసే అధికారం కౌన్సిల్‌ది. రిజిస్టరులో లేనివాడు వైద్యం చేయడమే నేరమని మాత్రం ఆ చట్టం అనలేదు. నిషేధించడం కాదు, జనానికి తేడా చూపించడం దాని ఉద్దేశం. 1916లో దొంగ డిగ్రీల మీద ఇంకో కేంద్ర చట్టం వచ్చింది.

వినడానికి అంతా బాగానే ఉంది. ప్రజల రక్షణకు ఇలాంటి పట్టిక కావలసిందే, అందులో మాకు అనుమానం లేదు. చిక్కల్లా ఆ పట్టికలో ఇంగ్లీషు వైద్యానికే చోటు ఉండటంలో వచ్చింది. వాగ్భటం కంఠస్థం చేసి, ఇరవై ఏళ్లు గురువు దగ్గర మందు నూరి, వంశపారంపర్యంగా పేరున్న వైద్యుడూ, నిన్న సంతలో భస్మం పొట్లాలు అమ్మడం మొదలుపెట్టినవాడూ చట్టం కళ్లకు ఒక్కటే అయిపోయారు. ఇద్దరూ నమోదు కానివాళ్లే. పైగా ఇంగ్లీషు డాక్టరు ఎవరైనా దేశీయ వైద్యంతో చేతులు కలిపితే అది వృత్తికి మచ్చ కిందికి వస్తుందనే వాదం లేచింది. బొంబాయిలో ఆయుర్వేద కళాశాలతో సంబంధం పెట్టుకున్న ఒక పట్టభద్ర వైద్యుని పేరును రిజిస్టరు నుంచి తీసేశారు కూడా. ప్రజలను మోసగాళ్ల నుంచి కాపాడటానికి కట్టిన కంచె, ఒక వృత్తిని ఇంకో వృత్తి నుంచి కాపాడే కంచె అయిందని పండితులు గోల పెట్టారు. ఆ గోలలో నిజం ఉంది.

మన ప్రాంతానికి ఇది పుస్తకాల తగువు కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర ప్లేగు వచ్చినప్పుడు మైసూరు, బొంబాయి సరిహద్దుల్లో ఉన్న బళ్ళారి జిల్లా చాలా నష్టపోయింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దండులో సిపాయిలకు సైన్యం డాక్టర్లు ఉండేవారు. పేటలోని మనిషికి, ఆలూరు దారిలోని పల్లె మనిషికి దగ్గర్లో ఉన్నవాడే దిక్కు. ఆ రోజుల్లో దివి గోపాలాచార్యులు అనే తెలుగు వైద్యుడు ప్లేగుకు హైమాది పానకం, శతధౌత ఘృతం అనే మందులతో దక్షిణమంతా పేరు తెచ్చుకున్నారు. మద్రాసులో కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి ఆయుర్వేద ఉచిత వైద్యశాల ఆయన చేతిలో నడిచింది. ఆయన వంటివారు పట్టికలో ఎక్కడ కూర్చోవాలి? ఈ ప్రశ్నకు సర్కారు దగ్గర జవాబు లేదు. 1918లో డాక్టర్ కోమన్ అనే అధికారిని దేశీయ మందులు పరీక్షించమని వేస్తే, ఆయన ఇచ్చిన నివేదిక దేశీయ వైద్య పద్ధతులను చిన్నచూపు చూసిందని వైద్యులు మండిపడ్డారు.

1920 డిసెంబరులో జస్టిస్ పార్టీ మొదటి మంత్రివర్గం ఏర్పడినప్పుడు రామారాయణింగారికి స్థానిక పరిపాలన శాఖ దక్కింది. వైద్యం, ప్రజారోగ్యం అందులో భాగం. మొదటి మంత్రి సుబ్బరాయలు రెడ్డియార్ ఆరోగ్యం బాగాలేక తప్పుకోగా, 1921 జూలై 11న ఈయన ఆ పదవిలోకి వచ్చారు. వైద్య శాఖను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

మంత్రి అనగానే ఇప్పటి మంత్రి అనుకోకూడదు. అది ద్వంద్వ ప్రభుత్వం. పోలీసు, భూమి శిస్తు, అన్నిటికన్నా ముఖ్యంగా ఖజానా గవర్నరు కార్యవర్గం చేతుల్లో ఉండేవి. వైద్యం మంత్రికి అప్పగించినా పెద్ద ఉద్యోగాలన్నీ ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారులవి. సర్జన్ జనరల్ కార్యాలయం మంత్రి మాటను తలకెత్తుకునే స్థితి కాదు. అలాంటి చోట కూర్చుని, దేశీయ వైద్యానికి సర్కారు గుర్తింపు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎలా ఇవ్వాలి అని తేల్చడానికి 1921లో ఒక కమిటీ వేయించారు.

ఆ కమిటీ పద్ధతి చూస్తే ఆయన బుర్ర ఎలా పనిచేసేదో తెలుస్తుంది. అధ్యక్షుడు మహమ్మద్ ఉస్మాన్. ఈయన తరవాత 1934లో మద్రాసుకు తాత్కాలిక గవర్నరుగా కూడా పనిచేశారు. కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి. ఈయన ఇంగ్లీషు వైద్యం చదివి సైన్యంలో పనిచేసినవాడు, ఆయుర్వేదమూ ఎరిగినవాడు. అంటే తగువులో ఉన్న రెండు వైపులూ తెలిసిన మనిషి చేతికి కలం ఇచ్చారు. ఆయుర్వేదం ఒక్కటే కాదు, తమిళుల సిద్ధ వైద్యం, యునానీ కూడా విచారణలోకి తెచ్చారు. ప్రశ్నపత్రాలు పంపితే సంస్కృతంలో, తెలుగులో, తమిళంలో, కన్నడంలో, మలయాళంలో, ఉర్దూలో జవాబులు వచ్చాయి. 1923లో అచ్చయిన నివేదిక రెండో సంపుటంలో ఆ సాక్ష్యాలు ఆయా లిపుల్లోనే ఉన్నాయి. సర్కారు తెలుగు వైద్యుణ్ణి తెలుగులోనే చెప్పమని అడిగి, చెప్పింది తెలుగు అక్షరాల్లోనే వేసిందంటే ఆ రోజులకు అది చిన్న పని కాదు. మాతృభాషలో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం ఎంత కష్టమో సరిహద్దుల్లో బతికే మనకు వేరే చెప్పాలా!

బ్రాహ్మణేతర ఉద్యమ నాయకుడు సంస్కృత గ్రంథాల మీద ఆధారపడ్డ ఆయుర్వేదానికి ఎందుకు కొమ్ముకాశాడని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. మా లెక్కలో ఇందులో వైరుధ్యం లేదు. ఆయన పేచీ సంస్కృతంతో కాదు, తలుపు దగ్గర నిలబడి ఎవరు లోపలికి రావాలో తామే చెప్తామనే వాళ్లతో. గుళ్ల ఆస్తుల విషయంలోనూ అంతే, వైద్యం విషయంలోనూ అంతే.

కమిటీ దేశీయ వైద్యాన్ని గుర్తించమంది. కానీ ఉన్నవాళ్లందరినీ ఉన్నట్టే ఎక్కించమని అనలేదు. పాఠశాల పెట్టాలి, శరీర నిర్మాణం, శస్త్రచికిత్స వంటి ఆధునిక పాఠాలు కూడా చెప్పాలి, పరీక్ష పెట్టాలి, వైద్యులకు నమోదు ఉండాలి. ప్రజల రక్షణ అనే మాటకు అసలు అర్థం ఇదే. గౌరవం కావాలంటే లెక్క చెప్పాలి. పట్టికలో పేరు ఉంటే ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంటుంది, పేరు కొట్టేయడానికి ఒక అధికారి ఉంటాడు. పట్టిక బయట ఉన్నవాడిని పొగడగలం, తిట్టగలం, అడగలేం.

1923 చివర ఆయన పదవికే ఎసరు వచ్చింది. సొంత పక్షం నుంచి విడిపోయినవాళ్లతో కలిసి కట్టమంచి రామలింగారెడ్డి అవిశ్వాస తీర్మానం తెచ్చారు. దేశంలోనే ఇలాంటి తీర్మానాల్లో మొదటిదిగా దీన్ని చెప్తారు. 44 ఓట్లు తీర్మానానికి వస్తే 65 మంది రాజా వైపు నిలిచారు.

మిగిలిన మూడేళ్లలో పని సాగింది. మద్రాసు కీల్పాక్‌లోని తన హైడ్ పార్కు తోటలను రాజా ఇచ్చారు. అక్కడ 1925లో సర్కారు దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. శ్రీనివాసమూర్తి మొదటి ప్రిన్సిపాలు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడు శాఖలు ఒకే కప్పు కింద. చదువు పూర్తయినవాళ్లకు ఎల్.ఐ.ఎం. అనే డిప్లొమా. తెలుగు జిల్లాల నుంచి వెళ్లి చదివినవాళ్లు ఊళ్లకు తిరిగివచ్చి పేరు చివర ఆ మూడు అక్షరాలు పెట్టుకున్నారు. తెలుగువారిలో ఇంగ్లీషు వైద్యమూ ఆయుర్వేదమూ రెండూ చదివిన ఆచంట లక్ష్మీపతి మద్రాసులో ఆయుర్వేద కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో మద్రాసు ఆరోగ్య మంత్రి అయ్యారు.

పల్లెల సంగతి వేరుగా చూశారు. 1924-25లో గ్రామ వైద్య సహాయ పథకం వచ్చింది. చదివిన, నమోదైన డాక్టరు పల్లెలో కాపురం పెడితే సర్కారు ఏటా కొంత సొమ్ము ఇస్తుంది, బీదవాళ్లకు ఉచితంగా చూడాలి, ఇవ్వగలవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవచ్చు. దొంగ వైద్యుణ్ణి తిట్టి ఊరుకోకుండా మంచివాణ్ణి అక్కడికి పంపాలన్నది దీని వెనక ఆలోచన. ఈ ఆలోచన ఆయన చేసిన మిగతా పనులన్నిటికన్నా తెలివైనదని మా అభిప్రాయం. ఎందుకంటే ఖాళీగా ఉన్న చోటే నకిలీ పుడతాడు.

1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫుల చట్టం వచ్చింది. పురిటి గదిలో తల్లీబిడ్డల ప్రాణం చేతిలో పెట్టుకునే మనిషికి శిక్షణ, నమోదు ఉండాలని చట్టం ఒప్పుకోవడం ఇదే మొదలు. పేర్లు మార్చుకుంటూ, సవరణలు పొందుతూ ఆ చట్టం తమిళనాడులో నేటికీ బతికే ఉంది.

ఆయన కంటికి ఆనని చోటు ఒకటి ఉంది. పాఠశాల, పరీక్ష, డిప్లొమా అన్నీ చదువు వచ్చినవాళ్లకే. ఎముక విరిగితే వెదురు బద్దలు కట్టే మనిషి, కురుపు కోసే మంగలి, తరతరాలుగా పురుళ్లు పోసే మంత్రసాని, పాముకాటుకు పసరు పోసే చెంచు, వీళ్లలో చాలామందికి అక్షరం రాదు. వీళ్లలో దిట్టలూ ఉన్నారు, ప్రాణం తీసినవాళ్లూ ఉన్నారు. ఉస్మాన్ కమిటీ తెరిచిన తలుపు గ్రంథం ఉన్న వైద్యానికి తెరుచుకుంది, చేతిలో ఉన్న వైద్యానికి అంతగా తెరుచుకోలేదు. జమీందారు, పండితుడు అయిన మంత్రికి పండిత వైద్యుడే ముందు కనిపించాడు.

1925 ఏప్రిల్‌లో త్యాగరాయ శెట్టి పోయాక పార్టీ బరువు కూడా ఆయన మీదే పడింది. 1926 ఎన్నికల్లో పార్టీ ఓడింది. డిసెంబరులో పదవి దిగిపోయారు. రెండేళ్లకు, 1928 డిసెంబరు 16న, ఇన్‌ఫ్లుయెంజాతో కన్నుమూశారు. వయసు 62. పదేళ్ల క్రితం లక్షల మందిని తీసుకుపోయిన జబ్బే, దక్షిణాదిలో వైద్యానికి ఇంత చేసిన మనిషినీ తీసుకుపోయింది.

ఆయన వేసిన దారి తరవాత వంకలు తిరిగింది. దేశీయ వైద్యుల నమోదు 1930ల్లో మద్రాసులో ఒక రూపానికి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా, బళ్ళారి మైసూరులో కలిసింది. మన ఇళ్లవాళ్లకు బంధువులు ఒక రాష్ట్రంలో, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రంలో అయినట్టే, వైద్యుల పట్టిక కూడా మారింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ, ప్రకృతి వైద్యులకు ఇక్కడ 1961 నాటి కర్ణాటక చట్టం వర్తిస్తుంది. దేశం మొత్తానికి 1970లో, మళ్లీ 2020లో కేంద్ర చట్టాలు వచ్చాయి. రాజా ఇచ్చిన కీల్పాక్ తోటలోని పాఠశాల కళాశాలగా పెరిగి, చివరికి 1960లో ఇంగ్లీషు వైద్యం చెప్పే కీల్పాక్ మెడికల్ కాలేజీ అయింది. మన కంటోన్మెంట్‌లో ఇప్పుడు విమ్స్‌గా పేరుపడ్డ పెద్దాసుపత్రి ఉంది, ఊళ్లో పండిత తారానాథ్ పేరు మీద సర్కారు ఆయుర్వేద కళాశాల ఉంది. మద్రాసులో ఒకటి ఇంకోదాన్ని మింగితే, బళ్ళారిలో రెండూ మిగిలాయి.

ఇన్ని చట్టాల నడుమ ఒక మాట మాత్రం తలకిందులైంది. 1914 రిజిస్టరు ఎక్కినవాడు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్, పొట్టిగా ఆర్ఎంపీ. అంటే నమ్మదగినవాడని సర్కారు ముద్ర. ఇవాళ అనంతపురం పోయినా, కర్నూలు పోయినా, మన సిరుగుప్ప వైపు తెలుగు పల్లెలకు పోయినా, ఆర్ఎంపీ డాక్టరంటే ఏ రిజిస్టరులోనూ లేనివాడని అర్థం. సైకిలు మీదో బండి మీదో వచ్చి సూది వేసి, నాలుగు రంగుల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చే మనిషి. అర్ధరాత్రి పిలిస్తే వస్తాడు, అప్పు పెడతాడు, అందుకే జనం వదులుకోరు. జ్వరానికి స్టెరాయిడ్ సూది, దగ్గుకు సగం కోర్సు యాంటీబయాటిక్ కూడా ఆయన చలవే. పేరు మిగిలింది, పేరు వెనక ఉన్న పుస్తకం పోయింది.

ఒక పద్ధతిలో చదివి ఇంకో పద్ధతిలో మందులివ్వడం కూడా చిన్న విషయం కాదు. 1996లో పూనం వర్మ కేసులో సుప్రీంకోర్టు హోమియోపతి చదివిన వైద్యుడు అల్లోపతి మందులివ్వడాన్ని నకిలీ వైద్యం కిందే కట్టింది. రోగి ప్రాణం పోయిన కేసు అది. 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం నమోదు లేకుండా ఆధునిక వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 1914లో నేరం కానిది ఇప్పుడు నేరం.

కర్ణాటకలో ప్రతి ప్రైవేటు క్లినిక్కు 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లాలో నమోదు కావాలి. ఆ నంబరు బోర్డు మీద కనిపించాలి. 2024లో ఆరోగ్య శాఖ ఇంకొకటి కలిపింది. అల్లోపతి క్లినిక్కు నీలం బోర్డు, ఆయుర్వేదానికి ఆకుపచ్చ బోర్డు, రెండింటి మీదా వైద్యుని పేరు, నమోదు నంబరు ఉండాలి. మన కంటోన్మెంట్ వీధుల్లో నడిచేటప్పుడు బోర్డు రంగు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆ నంబరు ఒకసారి చూడండి. ఆకుపచ్చ బోర్డుకు కూడా ఒక నంబరు ఉండాలని మన వైపు మొదట పట్టుబట్టిన మంత్రి కాళహస్తిలో పుట్టిన ఆ రామారాయణింగారే.